నేలరేకు కింద

తెల్లారి చాలాసేపైనా ఆకాశం నిద్రమొహంతోనే ఉంది. బూడిదరంగు మబ్బు ఇళ్లకప్పుల దాకా దిగి కూర్చుంది. కురవదు, తొలగదు. ఆ మసక వెలుతురులోనే మెకానిక్ షెడ్డు ముందు ఒక వ్యాను, ముందరి ఎడమ చక్రం ఊడదీసుకుని జాకీ మీద నిలబడి ఉంది. దాని పక్కన డ్రైవరు గొంతుక్కూర్చున్నాడు.

పొద్దున్నే ఆరుగురు రోగుల్ని ఇళ్ల దగ్గర ఎక్కించుకుని డయాలసిస్ ఆస్పత్రిలో దింపి వచ్చాడు. వాళ్ల రక్తం మిషన్లలో తిరిగి శుభ్రమయ్యేలోగా బండి పని తెముల్చుకోవాలి. వచ్చే దారిలో బ్రేకు తొక్కితే బండి ఎడమ పక్కకి లాగి, సైకిలు మీద పాలు పోసే మనిషిని గోడకి అంటించినంత పని చేసింది. ఆ మనిషి తిట్లు తింటూనే బండిని నేరుగా ఇక్కడికి తెచ్చాడు.

అతన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు లైసెన్సులో ఉంది, పిలిచేవాళ్లు లేరు. గుంత ఎదురైతే దాన్ని పలకరించి, సెలవు తీసుకుని గాని దాటడని తోటి డ్రైవర్లు నవ్వుతారు.

మేస్త్రి చక్రాన్ని బండికి కలిపే ఇనప ఆర్మ్ ఊడదీసి నేలమీద పడేశాడు. దాని కంతలో ఉన్న రబ్బరు బుష్షు చిరిగి, ఎవరో నమిలి ఉమ్మేసినట్టు వేలాడుతోంది.

"ఈ ఏడాదిలో ఇది మూడో జత. మనిద్దరికీ చుట్టరికం కలిసిపోయింది బావా. పిల్లనిచ్చినవాడు కూడా ఇన్నిసార్లు గడప తొక్కడు" అన్నాడు మేస్త్రి.

"వేళాకోళం తర్వాత. సరుకు చూపించు."

మేస్త్రి ఒక రేకు పళ్లెంలో రెండు రకాలు తెచ్చి పెట్టాడు. ఒకటి నల్లది, ఊరూపేరూ లేని రబ్బరు. ఇన్నాళ్లూ వేసింది అదే. రెండోది ఎర్రగా, గాజుముక్కలా మెరుస్తూ ఉంది. వేలితో నొక్కితే లొంగలేదు.

"ఇది పందెం బండ్లవాళ్లు వేసుకునేది. ఒకసారి వేశావంటే ఇక నా మొహం చూడక్కర్లేదు. బ్రేకు కొడితే బండి గీత గీసినట్టు నిలబడుతుంది. కాస్త గట్టిగా ఉంటుంది, అంతే."

"అంతే అంటే?"

"రబ్బరైతే దెబ్బ మింగుతుంది. ఇది మింగదు."

"మరి కంపెనీ రబ్బరు లేదా?"

"చెప్పి తెప్పించాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది. అందాకా బండి ఇలాగే కాలెత్తి నిలబడాలి. సరేనా?"

సరే అనే వీలు లేదు. బండి తిరగని రోజుకి జీతం లేదు. పైగా నాలుగు రోజులు ఆగితే ఆ రూటు ఇంకొకరి చేతికి పోతుంది. నల్ల జత మూడు రోజుల జీతం. ఎర్రది సగం నెల జీతం.

ఈ ఖర్చు అతనిదెలా అయిందో తెలియాలంటే వాళ్ల కట్టుబాటు తెలియాలి. ఆ ఓనరు దగ్గర బండి నేలరేకుకి పైనున్నదంతా ఓనరుది. ఇంజను, సీట్లు, అద్దాలు, రంగు. నేలరేకు కింద ఉన్నదంతా డ్రైవరుది. కింద భాగాలు అరిగేది గుంతల్లో దిగితేనే కదా, గుంతలో దింపేది డ్రైవరే కదా అని ఎప్పుడో ఎవరో తేల్చారు. ఎవరు తేల్చారో ఎవరికీ తెలియదు. రోడ్డు నిండా గుంతలే ఉంటే ఏం చేయాలో మాత్రం ఆ తేల్చినవాళ్లు చెప్పలేదు.

అతను భార్యకి ఫోను చేశాడు. ఆమె ఒక క్యాంటీనులో గిన్నెలు తోముతుంది. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"మళ్లీ నల్లవేనా? ఎన్నాళ్లయ్యా ఈ తద్దినం? నువ్వు బండి నడుపుతున్నావో, బండే నిన్ను నడుపుతోందో!" అంది.

"ఎర్రవి ఉన్నాయి. చాలాకాలం వస్తాయట. డబ్బే..."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"డబ్బాలో నా పన్ను డబ్బుంది. తీసుకుపో. ఒకేసారి ఏడిస్తే పోతుంది."

ఆమెకి కుడిదవడ పన్ను పుచ్చి చాలాకాలమైంది. పీకించి కట్టించుకోవడానికి దాచుకుంటోంది. అందాకా ఎడమ పక్కనే నములుతోంది. అతనికి అది గుర్తొచ్చింది. గోడ పక్కన పాలమనిషి బెదిరిన కళ్లు కూడా గుర్తొచ్చాయి. ఎర్రవే వేయించాడు.

నిజంగానే బండి మారిపోయింది. స్టీరింగు వేలితో తిప్పినా మాట వింటోంది. బ్రేకు తొక్కితే అక్కడే ఆగుతోంది. కింద నుంచి వచ్చే టకటక లేదు. మొదటి వారమంతా నిదానం కొత్త చెప్పులు తొడుక్కున్నవాడిలా తిరిగాడు. రోగులకి కూడా చెప్పాడు.

"మా ఆవిడ డబ్బు పెట్టి వేయించానమ్మా. ఇక మీకు భయం లేదు."

"చల్లగా ఉండు నాయనా" అన్నాడు దర్జీ తాత. అతను ఒకప్పుడు బట్టలు కుట్టేవాడు. ఇప్పుడు రోజు విడిచి రోజు ఎడమచేతికి సూదులు గుచ్చించుకుని మిషను పక్కన పడుకుంటాడు. వెనక సీటులో కిటికీ పక్కన చోటు అతనిది. అతని పక్కన కూరగాయలు అమ్ముకునే ఆమె కూర్చుంటుంది.

రెండోవారంలో కూరగాయలామె ఒక చిన్న దిండు తెచ్చుకుంది. తర్వాతి ట్రిప్పులో ఇంకొకరు. ఆ మరుసటి ట్రిప్పుకి ఆరుగురి కిందా ఆరు దిండ్లు. అన్నీ ఒకే కొలత. రంగురంగుల గుడ్డముక్కలు అతికి కుట్టినవి. కుట్టు మాత్రం వంకర లేదు, గీత గీసినట్టుంది.

"ఏంటమ్మా, నా బండిని పడకటిల్లు చేశారు?" అన్నాడు నిదానం అద్దంలోంచి చూస్తూ.

"మెత్తగా ఉంటుందని" అంది కూరగాయలామె.

"ఇంట్లో గుడ్డపీలికలు పడి ఉన్నాయి నాయనా. చేతులు ఊరుకోవు కదా, కుట్టాను" అన్నాడు తాత.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం ఎక్కువ తొందర ఉన్నట్టు తోచింది గానీ, సందు మలుపులో ఎదురుగా బండి రావడంతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం తిరిగి వస్తుండగా మురుగుకాల్వ పనివాళ్లు తవ్వి సగం పూడ్చిన చోట చక్రం దిగింది. అతను అన్ని గుంతల్లాగే దాన్నీ నెమ్మదిగానే దాటించాడు. అయినా దెబ్బ నేలరేకులోంచి సీటుకి, సీటులోంచి నడుముకి సూటిగా కొట్టింది. వెనక ఎవరో పళ్ల సందున ఊపిరి పీల్చుకున్న చప్పుడయింది. అద్దంలో చూస్తే దర్జీ తాత కుడిచేత్తో పై కమ్మీ పట్టుకుని, సీటుకి అంగుళం ఎత్తులో తనని తాను మోసుకుంటున్నాడు. ఎడమచేతి కట్టు మీద దిండు పెట్టుకుని పొట్టకి అదిమి ఉంచాడు.

తాత ఇంటి ముందు దింపుతుంటే దిండు జారింది. కట్టు ఎర్రగా తడిసి ఉంది.

"తాతా! ఏంటిది?"

"ఏం లేదురా. కొత్త నర్సు, వదులుగా కట్టింది."

"ఎన్నాళ్ల నుంచి?"

తాత దిండుని మళ్లీ కట్టు మీదికి లాక్కున్నాడు. కూరగాయలామె కిటికీలోంచి తల బయటపెట్టి అంది: "నువ్వు ఊరికే కంగారుపడకు తమ్ముడూ. పెళ్లాం పన్ను డబ్బు పెట్టి వేయించావు. మేం నోరు విప్పితే నీ మనసు కష్టపడదా? అయినా ఈ బండి కూడా లేకపోతే మేం నడిచి వెళ్లగలమా?"

నిదానం తాత చేయి తన భుజం మీద వేసుకుని అరుగు ఎక్కించి, కట్టు గట్టిగా బిగించాడు. బండి దగ్గరికి తిరిగొచ్చి స్టీరింగు పట్టుకుంటే, నాలుగు వారాలుగా తన అరచేతులకి హాయిగా తగిలిన ఆ గట్టితనం ఇప్పుడు చేదుగా తగిలింది. ముందు సీటులో స్టీరింగు పట్టుకున్నవాడికి బండి మాట వింటుంది. వెనక కూర్చున్నవాళ్లు బండి మాట వినాల్సి వస్తుంది. ఇది తనకెందుకు తట్టలేదు?

సాయంత్రం భార్యకి చెప్పాడు.

"మార్పించు" అంది ఆమె.

"ఏ డబ్బుతో?"

ఆమె చెంప మీద చెయ్యి వేసుకుని గోడకి చేరగిలబడింది. కాసేపటికి లేచి వెళ్లి పొయ్యి వెలిగించింది.

తర్వాతి ట్రిప్పు రోజున మధ్యాహ్నం ఓనరు ఆస్పత్రికే వచ్చాడు. ఆస్పత్రి వెనక ప్రహరీ పక్కన నాలుగు వ్యాన్లు ఆగి ఉంటాయి. రోగులు మిషన్ల మీద ఉన్నంతసేపూ డ్రైవర్లు అక్కడే ఉంటారు. ఓనరు చెడ్డవాడేం కాదు. డ్రైవర్ల ఇళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా ఎలా ఉందని అడుగుతాడు. అడగడానికి ఖర్చు లేదు.

"ఏమయ్యా, అందరూ బాగున్నారా? ఒక మంచి మాట చెప్పడానికి వచ్చాను. నిదానం బండి ఈ మధ్య మేస్త్రి మొహమే చూడలేదు. ఒక్కరోజు కూడా ట్రిప్పు ఆగలేదు. అందుకని అన్ని బండ్లకీ ఎర్ర బుష్షులే వేయిద్దాం అనుకుంటున్నా. డబ్బు నేను ముందు పెడతా. నెలనెలా మీ జీతంలో కొంచెం కొంచెం పట్టుకుంటా. మీకు బరువు తెలియదు."

"బరువెందుకు తెలుస్తుందండీ, జీతం తేలికైపోతుంటే!" అన్నాడు రేడియో. నోరు మూత పడదని ఆ డ్రైవరుకి ఆ పేరు పెట్టారు. మిగతా ఇద్దరూ నేల చూస్తూ నవ్వారు. తర్వాత ముగ్గురూ నిదానం వైపు చూశారు. ఆ చూపులో నవ్వు లేదు. 'నీకెందుకొచ్చిన గొప్పరా' అని ఉంది.

"నీకు అన్నీ ఎగతాళేరా. నిదానం, నువ్వు చెప్పు వీళ్లకి. బాగున్నాయా, లేవా?"

నిదానం లేచి నిలబడ్డాడు. మాట్లాడ్డం అతనికి అలవాటు లేదు. ఎప్పుడూ అడిగినదానికి సగం జవాబు చెప్పి, మిగతా సగం మింగేసే మనిషి.

"బండికి బాగున్నాయండి. మనుషులకి బాగాలేవు."

"మనుషులకేమైంది? ఒక్కరూ ఫిర్యాదు చేయలేదే!"

"చేయరండి. దిండ్లు తెచ్చుకుంటారు."

ఓనరుకి అర్థం కాలేదు. "దిండ్లేంటి?"

"ఓసారి మీరు నా వెనక సీట్లో కూర్చుని రండి. చేతికి అప్పుడే సూదులు తీసినవాళ్లండి వాళ్లు. దెబ్బ తగిలితే కట్టులోంచి రక్తం కారుతోంది. ఇన్నాళ్లూ నేను చూడలేదు. మొన్న చూశాను."

"అయితే తీసేయ్. నేను వేయించమన్నానా? నీకిష్టమై వేయించుకున్నావు."

"అవునండి. నేనే వేయించాను. పొరపాటు నాదే. అందుకే చెబుతున్నా, వీళ్లకి వద్దు. నా బండికీ తీయించి కంపెనీ రబ్బరు వేయించండి. నాలుగు బండ్లకీ వేయించండి. మీ డబ్బుతో."

పక్కన ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"నేలరేకు కింద ఖర్చు ఎవరిది?" అన్నాడు ఓనరు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "నీకు కొత్తా?"

"కింద ఉన్నదీ మీ బండేనండి. నేను ఇంటికి మోసుకుపోవడం లేదు. ఇక నేను పెట్టను."

ఓనరు చెయ్యి చాపాడు. "అయితే తాళం ఇయ్యి."

నిదానం జేబులో చెయ్యి పెట్టాడు. తాళం వేళ్లకి తగిలింది. బయటికి తీయలేదు.

"లోపల ఆరుగురు మిషన్ల మీద ఉన్నారండి. వాళ్లని ఇళ్లకి దింపి వచ్చి ఇస్తాను."

ఓనరు మిగతా ముగ్గురి వైపు తిరిగాడు. "ఇంకెవరికైనా ఇలాంటి ఆలోచన ఉందా?"

ఎవరూ ఉందనలేదు. లేదనీ అనలేదు. ఒకడు చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. ఇంకొకడు గోడమీద పెచ్చు గీకుతున్నాడు. ఓనరు కాసేపు చూసి, "సాయంత్రం అందరూ మన బండ్ల షెడ్డుకి రండి" అని తన కారెక్కాడు.

కారు గేటు దాటిపోయింది. నిదానం బండిలోంచి అన్నం గిన్నె తీసుకుని ప్రహరీ నీడలో కూర్చున్నాడు. రోజూ ఎవరి బండిలో వాళ్లు కూర్చుని తింటారు. ఇవాళ అతనికి బండి ఎక్కబుద్ధి కాలేదు. మూత తీశాడు. చల్లారిన అన్నం, అడుగున కూర.

రెండు ముద్దలు తిన్నాక పక్కన ఎవరో కూర్చున్న అలికిడి. రేడియో. గిన్నె తెరిచి తినసాగాడు. ఆ తర్వాత మిగతా ఇద్దరూ వచ్చి ఎదురుగా చతికిలబడ్డారు. సాయంత్రం ఎవరేమంటారని ఎవరూ అడగలేదు.

నలుగురూ తలలు వంచుకుని తింటున్నారు. నిదానం గిన్నెలో కూర అయిపోయింది. ఎదుటివాడు అతని వైపు చూడకుండానే తన గిన్నెలోంచి కొంచెం తీసి అందులో వేశాడు. అతను కలుపుకున్నాడు.