మూకెల్ చేసిన నష్టాల జాబితా

ఆ కేకు సంగతి రాయకపోయినా సరిపోయేదేమో, కానీ బీమా దరఖాస్తులో అడిగారు కదా, ఇంతవరకు ఈ కుక్క వలన కలిగిన నష్టాలన్నిటినీ పేర్కొనుము అని, అన్నిటినీ అన్న మాట కింద గీత గీసి మరీ అడిగారు, గీత గీసి అడిగితే రోస్‌విత ఏం చేయగలదు, ఇరవై తొమ్మిదేళ్లు గెల్సెన్‌కిర్షెన్ వీధుల్లో ట్రామ్ నడిపిన మనిషి, రెండు నిమిషాలు ఆలస్యమైతే ఖాళీ బండిలో కూడా మైకు తీసుకుని క్షమించమన్న మనిషి, అందుకే నీలి సిరాతో, గుండ్రని అక్షరాలతో, ఒకటి, పొరుగుతోట షిమానియాక్ గారి ఆల్‌బుఖారా పళ్ల కేకు, సగం, రెండు, అదే తోటలోని మట్టి మరుగుజ్జు బొమ్మ, ముక్కు మాత్రమే, మూడు, నా ఎడమకాలి చెప్పు, అని రాసి సంతకం పెట్టి పంపింది, పంపిన నాటి నుంచీ ఆ ముక్కు ఆమె నిద్రలో తిరుగుతోంది, ఇప్పుడు ట్రామ్‌లో కూర్చున్నా అదే తిరుగుతోంది, కాళ్ల మధ్య మూతికి చిక్కం వేసుకుని మూకెల్ కూర్చుంది, చిక్కంలోంచి దాని ఊపిరి ఆమె మోకాలికి వెచ్చగా తగులుతోంది, పదకొండు దాటి పదమూడు నిమిషాలు, శుక్రవారం, నగర కార్యాలయం పన్నెండింటికి మూసేస్తారు, ఆ లోపల బీమా పత్రం అధికారిణి బల్ల మీద లేకపోతే ఈ మధ్యాహ్నమే మూకెల్ జంతు శరణాలయానికి తిరిగి వెళ్లాలి, నడవా చివర, అందరూ బోర్డు చదివి వెనక్కి తిరిగే ఆ ఆఖరి గదికి.

ఇలాంటి కుక్కను ఉంచుకునే అనుమతికి కావలసిన మిగతావన్నీ ఉన్నాయి, సంచిలో వరుసగా ఉన్నాయి, పోలీసుల నుంచి తెచ్చిన సచ్ఛీల పత్రం, పశువైద్యుడి ముందు కూర్చుని రాసిన పరీక్ష, నలభైకి ముప్పై ఎనిమిది, మెడలో చిప్పు నంబరు, ఇంటి కంచె ఎత్తు కొలిచిన కాగితం, లేనిదల్లా బీమా, ఏడు కంపెనీలకు ఫోను చేసింది, ఏడుగురూ మర్యాదస్తులే, నమస్కారమమ్మా, చెప్పండమ్మా, తప్పకుండానమ్మా, ఇంతకీ కుక్క జాతి ఏమిటమ్మా, చెప్పగానే అటువైపు ఒక చిన్న నిశ్శబ్దం, తలుపు మీద చెయ్యి వేసి తెరవకుండా నిలబడ్డవాళ్ల నిశ్శబ్దం, ఆ తరవాత, అది ప్రమాదకరమైన కుక్కలంటూ ప్రభుత్వం వేసిన జాబితాలో ఉన్న జాతి కదండీ, వాటికి మేము చేయమండీ, ఒకమ్మాయి మాత్రం చాలా బాధపడింది పాపం, పిల్లి ఏమైనా ఉంటే చెప్పండి, మంచి పథకం ఉంది అంది, రోస్‌విత మూకెల్ వంక చూసింది, మూకెల్ తోక ఊపింది, పిల్లిగా మారడానికి కూడా సిద్ధమే అన్నట్టు.

ఎదుటి సీటులో ఉల్లికాడల సంచితో ఒకావిడ కూర్చుంది, చూసి చూసి అడిగింది, ఇది కరుస్తుందా అండీ, కేకుల్ని మాత్రమేనండీ అంది రోస్‌విత, అని వెంటనే సిగ్గుపడి కిటికీ వైపు తిరిగింది, తను ఇలా జవాబులు చెప్పే మనిషేనా, ఎప్పటి నుంచి, డ్రైవరు గది మీద ఆ పాత పలక ఇంకా ఉంది, బండి కదులుతుండగా డ్రైవరుతో మాట్లాడరాదు, దాని కిందే కదా ఇరవై తొమ్మిదేళ్లు కూర్చుంది, వీపు వెనక ఊరంతా ఎక్కింది, దిగింది, పోట్లాడుకుంది, ముద్దులు పెట్టుకుంది, ఆమెతో మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు, రాసి ఉంది కదా మరి, ఉద్యోగం అయిపోయాక పలక ఇంటికి వచ్చినట్టే అయింది, రొట్టెల కొట్టులో నాలుగు రొట్టెలివ్వమ్మా అనడం, తోటలో మౌనంగా గులాబీలు కత్తిరించడం, అంతే రోజు, ఆ చలికాలం శరణాలయం వాళ్లు పాత దుప్పట్లు కావాలని ప్రకటిస్తే తన యూనిఫాం కోట్లు రెండూ తీసుకుని వెళ్లింది, ఇచ్చేసి వచ్చేద్దామనుకుంది, ఆఖరి గదిలో ఈ బండతల, బూడిదరంగు, చెవి ఒకటి నిలబడి ఒకటి వాలిపోయిన జీవి, ఆ కోటు మీద మూడుసార్లు గుండ్రంగా తిరిగి పడుకుని, గుండీ ఉన్న చోట గడ్డం ఆనించి, అబ్బా, ఎంత పెద్ద నిట్టూర్పు విడిచిందని, ఆఖరి స్టాపు దగ్గర బండి ఆపి బ్రేకు బిగించాక తను విడిచే నిట్టూర్పు అచ్చం అదే, మూడేళ్ల నుంచీ ఇక్కడే ఉందమ్మా, బోర్డు చూసి అందరూ వెళ్లిపోతారు అన్నారు వాళ్లు, నేను బోర్డులు చాలా చూశాను అంది రోస్‌విత.

షిమానియాక్ గారికి నిన్న ఈ విషయం చెప్పినప్పుడు కంచె మీదికి వాలి ఎంత అరిచాడని, డెబ్భై ఎనిమిదేళ్లు, బొగ్గుగనిలో దిగిన గొంతు, ఓ రోసీ తల్లీ, నీకు బుర్ర ఉందా, ట్రామ్ పట్టాల మీద వదిలేసొచ్చావా, కేకు నాది, ముక్కు నాది, నష్టపోయిన నేను నోరెత్తలేదు, నువ్వెందుకు రాశావ్, అడిగారండీ, అడిగితే, అడిగితే చెప్పేయడమేనా, నీ బరువెంతో అడిగితే అదీ చెప్తావా, నిజానికి ఆ నంబరు ఇచ్చిందే ఆయన, మా బావమరిది గుర్రాలకు బీమా చేసే రైతుల సంఘం ఒకటుంది, మ్యూన్‌స్టర్ అవతల, నలుగురైదుగురు గుమాస్తాలు, ఒక్కసారి మాట్లాడి చూడు అని వెనకటి వారం సిగరెట్టు పెట్టె మీద రాసిచ్చాడు, ఆ సంఘంలో టెర్‌బ్రుగెన్ అనే పెద్దాయన ఎత్తాడు, జాతి చెప్పింది, ఆ చిన్న నిశ్శబ్దం కోసం చెవి రిక్కించింది, రాలేదు, సరేనమ్మా, ఫారం పంపండి, చదివి శుక్రవారం పదకొండింటికల్లా నేనే ఫోను చేస్తాను అన్నాడు, పదకొండున్నర అయింది, ఫోను మోగదు, రాయకుండా ఉంటే, ఆ ముక్కు ఒక్కటైనా వదిలేసి ఉంటే, ఈ పాటికి మోగి ఉండేదా, చేతిలోని పట్టీ చెమటకు తడిసిపోయింది, మూకెల్ మాత్రం ఉల్లికాడల సంచి వాసన చూస్తూ, రేపటి సంగతి రేపు అన్నట్టు, హాయిగా.

కార్యాలయంలో ఆమె చేతికి వచ్చిన అంకె ముప్పై ఆరు, గోడమీద ముప్పై నాలుగు, అయ్యో వద్దు, మెల్లిగా పిలవండి అనుకుంటూ ఉండగానే ముప్పై అయిదు, ముప్పై ఆరు, లోపల అధికారిణి గ్యుల్‌తెన్ అక్సోయ్ గారు, కళ్లజోడు నుదుటి మీద, టీ గ్లాసు ఫైళ్ల మధ్య, రండి రండి, వచ్చాడా మా పెద్దమనిషి, కూర్చోండి, అన్నీ ఉన్నాయి, చాలా బాగున్నాయి, బీమా ఏదమ్మా, లేదండీ ఇంకా, అక్సోయ్ గారు గడియారం వైపు చూసింది, మూకెల్ వైపు చూసింది, తల వంచి కలం మూత తీసి పెట్టింది, పన్నెండు దాకా నాకేమీ తొందర లేదమ్మా, పన్నెండు దాటితే మాత్రం నా చేతిలో లేదు అంది, పన్నెండుకి పద్నాలుగు నిమిషాలు, పదమూడు, ఇంతలో ఫోను మోగింది, చేతిలోంచి జారింది, మూకెల్ దాని మీద పాదం వేసింది, తియ్యరా నాయనా, తియ్యి, హలో, టెర్‌బ్రుగెన్ మాట్లాడుతున్నానమ్మా, ఆలస్యానికి క్షమించాలి, మీ పొరుగాయనకు ఫోను చేశాను, నష్టం రాశారు కదా, నష్టపోయినవాణ్ణి అడగడం మా పద్ధతి, ఆయన వదిలితే కదా, నలభై నిమిషాలు, ఏమన్నారండీ ఆయన అంది రోస్‌విత, ఏమన్నారా, కేకు ఇంట్లో చేసింది కాదట, కొన్నదట, పిండి ఎండిపోయిందట, సగం తిని సగం వదిలిందంటే ఆ కుక్కకు రుచి తెలుసన్నారు, బొమ్మ వాళ్లత్తగారు పెట్టిన కానుకట, ముక్కు పోయాకే చూడబుద్ధేస్తోందట, ఇంకోటి కూడా అన్నారమ్మా, పదేళ్లుగా ఆ తోటలో నాకు కత్తెర చప్పుడే వినపడేది, ఈ కుక్క వచ్చాక మనిషి గొంతు వినపడుతోంది, దాన్ని పంపించేశారంటే నేనే వచ్చి కరుస్తాను, అని, టెర్‌బ్రుగెన్ కొనసాగించాడు, ముప్పై ఒక్కేళ్లుగా ఈ ఫారాలు చదువుతున్నానమ్మా, గోడ కూల్చిన ఎద్దుకీ నష్టాలు ఏమీ లేవు అనే రాస్తారు, డాక్టరు పన్ను రాలగొట్టిన గుర్రానికీ ఏమీ లేవు అనే రాస్తారు, ముక్కు మాత్రమే అని రాసిన మనిషిని మిమ్మల్నే చూశాను, మీరు పట్టీ పట్టుకుంటే నాకు భయం లేదు, ఎద్దులకు చేసేవాళ్లం, ఈ బుడతడికి చేయమా, ఆ కార్యాలయం ఫ్యాక్స్ నంబరు చెప్పండి.

ఫ్యాక్సా అంది అక్సోయ్ గారు, ఉంది ఉంది, ఇంకా బతికే ఉంది, అల్మారా పక్కన ధూళి కప్పుకున్న యంత్రం ఒకసారి దగ్గి, ఒకసారి ఏడ్చి, నాలుకలా కాగితాన్ని మెల్లగా చాపింది, మూకెల్ ఆ చప్పుడుకి తల ఒక పక్కకి వాల్చింది, అక్సోయ్ గారు నుదుటి మీది కళ్లజోడు ముక్కుమీదికి దించి పైకే చదివింది, మనుషులకు జరిగే హానికి అయిదు లక్షల యూరోల దాకా, బాగుంది, వస్తువులకు రెండున్నర లక్షలు, బాగుంది, పూర్వ నష్టాలు, ఒకటి, కేకు, సగం, రెండు, ముక్కు, ఇక్కడికి వచ్చేసరికి ఆమె భుజాలు కదలడం మొదలైంది, మూడు, చెప్పు, దీన్ని కొట్టేసి పక్కన రాశారమ్మా, యజమానికి కలిగిన సొంత నష్టం, బీమా వర్తించదు, నవ్వు ఆపుకోలేక ముద్ర వంకరగా కొట్టింది, పరవాలేదు, వంకరదైనా చెల్లుతుంది, తీసుకెళ్లమ్మా మీవాణ్ణి, పన్నెండుకి రెండు నిమిషాలు, రోస్‌విత లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది, ధన్యవాదాలు అన్నది మూడుసార్లో నాలుగుసార్లో, మూకెల్ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి అక్సోయ్ గారి బూటు మీద గడ్డం ఆనించి పెద్ద నిట్టూర్పు విడిచింది.

తిరుగు ట్రామ్‌లో ఎండ పడుతోంది, కిటికీల మీద, పట్టాల మీద, చిక్కం తీగెల మీద, విన్నావా మూకెల్, ఎద్దులతో సమానం చేశారు నిన్ను, షిమానియాక్ గారికి ఇవాళ కేకు నేనే చేసి పెట్టాలి, తడిగా చేయాలి, అందులో నీకు వాటా లేదు, సరే, కొంచెం ఉంది, ఏమిటండీ అంత సంతోషం అంది ఎదుటి సీటు, చూస్తే ఉల్లికాడలావిడే, సంచి ఖాళీ అయి తిరిగి వెళ్తోంది, రోస్‌విత చెప్పింది, కోటు దగ్గర మొదలుపెట్టి గుండీ, నిట్టూర్పు, ఏడు ఫోనులు, పిల్లి, సిగరెట్టు పెట్టె, అన్నీ, చేతులు తిప్పుతూ, ఆయన గొంతు ఆయనలాగా, ఈమె గొంతు ఈమెలాగా, ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది, వెనక సీటులో మరెవరో కూడా నవ్వారు, అప్పుడు బండి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, ఇది ఏ స్టాపు, ఇది తన స్టాపు కాదు, తన స్టాపు రెండు స్టాపుల వెనకే పోయింది, ఈ దారిలో కళ్లు మూసుకుని ప్రతి మలుపూ చెప్పగల రోస్‌విత, జీవితంలో ఒక్క స్టాపూ తప్పని రోస్‌విత, మాటల్లో పడి స్టాపు దాటిపోయింది, ఆ పలక కిందే, ఆమె అలాగే కూర్చుండిపోయింది, మోకాలికి వెచ్చని ఊపిరి తగులుతోంది, ఫారంలో ఒకటి వదిలేసింది కదా, అన్నిటినీ అని గీత గీసి అడిగినా అసలుదే రాయలేదు కదా, సొంత నష్టం, ఏ బీమా వర్తించదు, ఎవరినీ పరిహారం అడగబోదు, నీలి సిరా లేకపోయినా గుండ్రని అక్షరాలతోనే, మెల్లగా, మనసులో రాసుకుంది, నాలుగు, ఇరవై తొమ్మిదేళ్ల మౌనం, పూర్తిగా.