తొడిమల మిషన్

సైదాబీ చేతులు మిరపకాయలకు అలవాటుపడ్డాయి గాని, మనవడు తన్వీర్ బుగ్గలు ఆ చేతులకు అలవాటుపడలేదు. ముప్పాళ్ళలో ఎండుమిర్చికి తొడిమలు తీసే కూలి ఆమెది. ఎంత ఆముదం రాసుకున్నా, ఎంత సబ్బుతో తోమినా ఘాటు అరచేతుల్లోనే కాపురం ఉంటుంది. అందుకే కూతురు రషీదా బిడ్డను నిండా దుప్పట్లో చుట్టిగాని ఆమెకు ఇచ్చేది కాదు.

తొడిమలు తీసే మిషన్ వస్తుందనగానే సైదాబీకి నిద్ర పట్టలేదు. నరసరావుపేట కాలేజీలో పాఠాలు చెప్పే భవిత దాన్ని తయారుచేసింది. వ్యవసాయాధికారి కృపానందం షెడ్డు, కరెంటు ఇప్పించాడు. కారప్పొడి కంపెనీ తరఫున చైతన్య వచ్చాడు. సరుకు నచ్చి అతను ఊఁ అంటే మిషన్ సైదాబీ వాళ్ళ ఆడకూలీల సంఘానికే ఉండిపోతుంది, లేదంటే వచ్చిన ఆటోలోనే వెనక్కి పోతుంది. ముగ్గురూ ముగ్గురే. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

భవిత మీట నొక్కింది. గంపెడు కాయలు లోపలికి పోయాయి. సైదాబీ మెడ సాచి మరీ చూసింది. మిషన్ కాసేపు గుర్రుమని, రబ్బరు పళ్ళ మధ్య ఎర్రటి ముద్ద పెట్టుకుని ఆగిపోయింది.

"ఇట్టా అయితే మాకు కుదరదు మేడమ్," అన్నాడు చైతన్య.

"కాలేజీలో బాగానే తిరిగింది," అంది భవిత ముఖం చిన్నబుచ్చుకుని.

కాయ ముద్దెందుకయిందో సైదాబీకి తెలుసు. కాయ చూడ్డానికి ఎవరొస్తున్నా తెల్లారే నీళ్ళు చిలకరించడం ఇక్కడివాళ్ళ అలవాటు. కాయ మెత్తబడి విరగదు, నిగనిగలాడుతుంది. పెద్దలొస్తున్నారని ఆమె ఇవాళ ఇంకో బిందె ఎక్కువే చల్లింది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మిషన్ పోతుంది.

"నీళ్ళు చల్లింది నేనేనమ్మా. మీ కంటికి చానా బాగా కనపడాలని చల్లా."

కృపానందం కసరబోయాడు గాని భవిత కళ్ళు మెరిశాయి. "ఎప్పుడూ చల్లుతారా? నేను గలగలలాడే కాయతోనే చూశాను. అడగాలని కూడా తోచలేదు."

పళ్ళు శుభ్రం చేసి పొడికాయ పోశారు. తొడిమ ఊడింది, కాయా ముక్కలైంది. చైతన్య ఫోను జేబులో పెట్టేసి ఆ ముక్కను వేళ్ళతో నలిపి చూశాడు. "తడి ఉండాలి, కానీ ఇందాకటంత వద్దు," అన్నాడు. కృపానందం చొక్కా చేతులు మడిచి గోనెపట్టా తడిపి గట్టిగా పిండాడు. దాని కింద కాసేపు మగ్గిన కాయను మిషన్లో పోశారు. ఒక పక్క తొడిమలు, ఇంకో పక్క నిండుకాయలు రాలుతుంటే నలుగురూ చిన్నపిల్లల్లా వంగి చూశారు.

"ఈ సీజనుకు ఉంచండి, చూద్దాం," అన్నాడు చైతన్య.

వారం పాటు మీట నొక్కడమే తప్ప సైదాబీ కాయ ముట్టలేదు. వారం తిరిగిన సాయంత్రం బిడ్డ కోసం ఉత్త చేతులు చాచింది. రషీదా అనుమానంగానే బిడ్డను అందించింది. బుగ్గ నిమిరితే వాడు ఏడవలేదు. ఆమెకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఇంతలో వాడు ముక్కు చిట్లించి వరసగా తుమ్మడం మొదలుపెట్టాడు. మిషన్ ఎగజిమ్మిన కారమంతా ఆమె పైటలోనే ఉంది.

రషీదా బిడ్డను లాక్కుంది. సైదాబీ నవ్వు ఆపుకోలేక భవితకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, చేతులు బాగుపడినయ్. ఇంక ఆ దుమ్ముకి మూత సంగతి చూడాల. రేపు రా. ఆ ఇద్దర్నీ గూడా ఎంటబెట్టుకురా."