ఆరు మాటలకు ఒకే అర్థం

నేను ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును. నన్ను చూస్తే మనుషులకు అదో రకమైన భయభక్తులు. నా లోపల ఏముందో తెలిసిన నాకు మాత్రం సిగ్గేస్తుంది. ఎనిమిది వందల పేజీల్లో నేను ఎక్కడ తప్పుచేశానో, ఆ తప్పుకు ఎవరు జైల్లో కూర్చున్నారో నాకు తెలుసు. అది చెప్పుకుంటే గానీ నా మనసు కుదుటపడదు.

నేను బందరులో ఒక చిన్న అచ్చుకూటంలో పుట్టాను. నన్ను కూర్చిన పంతులుగారు మహా ఓపికగలవారే, కానీ ఆయనకూ భోజనం చేశాక కునుకు వచ్చేది. అలాంటి ఒక మధ్యాహ్నం ‘క్లాస్ప్’ పక్కన ‘గట్టిగా పట్టుకొను’ అని రాశారు. ‘క్లింగ్’కూ ‘క్లచ్’కూ అదే దించారు. కొన్ని నెలలకు ‘గ్రాస్ప్’, ‘గ్రిప్’ వచ్చాయి. వాటికీ అదే. ‘సీజ్’ దగ్గరికి చేరేసరికి ఆయన చెయ్యి అలవాటుగా అదే రాసేసింది. ఇంగ్లీషువాళ్లు ఒక్క పనికి ఇన్ని మాటలు పెట్టుకుని ఏం చేసుకుంటారో అని విసుక్కున్నారు కూడా.

మొదట నన్ను ఒక తాలూకాఫీసు గుమాస్తా కొన్నాడు. ఆయన నన్ను తెరిచింది తక్కువ, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టింది ఎక్కువ. ఆయన తర్వాత కూతురు శేషారత్నం చేతికి వచ్చాను. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో, కోర్టు వెనక వీధిలో ఆమెకు ఒక గది ఉంది. హైకోర్టుకు వెళ్లాల్సిన తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి, సరైన అనువాదమని కింద సంతకం పెట్టడం ఆమె పని.

ఆమెకు తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. రాసిన ఇంగ్లీషును మళ్లీ తెలుగులో చదివి వినిపించి, ‘ఇదేనా మీరు చెప్పింది?’ అని అడిగి, వాళ్లు ఔనన్నాకే సంతకం. ఆ పద్ధతి మీద ఆమెకు కొండంత ధీమా.

ఒక వేసవిలో మరిడమ్మ అనే ఆమె వచ్చింది. ఆమె భర్త నూకరాజు రేవులో పడవ నడిపేవాడు. పడవ నడిపే వంతు దగ్గర అతనికీ స్నేహితుడు సూరిబాబుకూ మాటామాటా పెరిగింది. పడవెక్కే చెక్క మీద నుంచి సూరిబాబు నీళ్లలో పడి చనిపోయాడు. నూకరాజే తోసేశాడని కేసు. బెయిలు కోసం హైకోర్టుకు వెళ్లాలంటే, చూసిన మనిషి పోలీసులకిచ్చిన వాంగ్మూలం ఇంగ్లీషులో కావాలి. చూసింది రేవులో చేపలమ్మే ముసలామె పోలమ్మ. మరిడమ్మ ఆమెనూ వెంటబెట్టుకొచ్చింది.

వాంగ్మూలం మూడే వాక్యాలు. ఇద్దరూ వాదులాడుకున్నారు. నూకరాజు సూరిబాబు చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. సూరిబాబు నీళ్లలో పడిపోయాడు.

తనకు తోచిన ఇంగ్లీషు మాటలన్నిటి కోసం శేషారత్నం నన్ను తిరగేసింది. ఏ పేజీ తీసినా నేను ఒకటే పాట పాడాను. అన్నీ ఒకటే అయినప్పుడు ఏది రాస్తేనేం అనుకుందేమో, ‘సీజ్’ అని రాసింది. పంచనామాలు రాసీ రాసీ ఆ చేతికి బాగా అలవాటైన మాట అది. సారా సీజ్, లారీ సీజ్, ఇసుక సీజ్. ఆ వరసలో ఒక మనిషి చొక్కా కూడా చేరిపోయింది.

తర్వాత పద్ధతి ప్రకారం చదివి వినిపించింది. “చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. ఇదేనా మామ్మగారూ మీరు చెప్పింది?”

“ఔనమ్మా, గట్టిగానే అట్టుకున్నాడు,” అంది పోలమ్మ.

శేషారత్నం సంతకం పెట్టింది. మరిడమ్మ దణ్ణం పెట్టి వెళ్లింది.

బెయిలు రాలేదు. ఆ ఉత్తర్వు పట్టుకుని మరిడమ్మ, పోలమ్మ ఇద్దరూ మళ్లీ వచ్చారు. శేషారత్నం చదివి తెలుగులో చెప్పసాగింది. మధ్యలో ఆమె రాసిన మాటే కనబడింది. నన్ను తెరవకుండా, చదివింది చదివినట్టు చెప్పేసింది. “నిందితుడు మీదపడి చొక్కా దొరకబుచ్చుకున్నాడని సాక్షి చెబుతున్నందున...”

“నేనట్టా సెప్పలేదమ్మా!” పోలమ్మ గంప పక్కన పెట్టి లేచింది. “మీద పడ్డమేటి? ఇట్టా అట్టుకున్నాడు.”

ఆమె శేషారత్నం మణికట్టును రెండు చేతులతో పట్టుకుని, కాలు గడపకు తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగింది. ముసలి చేతుల్లో అంత బలం ఉంటుందని ఎవరనుకుంటారు? కుర్చీతో సహా శేషారత్నం ముందుకు వచ్చింది.

“కాలు జారి పోతన్నోణ్ణి ఇట్టా అట్టుకున్నాడమ్మా. పోకుండా.”

 శేషారత్నం చేతికి ఎర్రగా వేళ్ల గుర్తులు పడ్డాయి. వాటిని చూసుకుంది. మొదటిరోజే ‘ఎలా పట్టుకున్నాడో చూపించండి’ అని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఆమె అడగలేదు, నేను అడగనివ్వలేదు. తప్పుడు మాటను తెలుగులోకి తిప్పినా నా దగ్గర అదే అర్థం కాబట్టి, ఆమె పద్ధతికి కూడా తప్పు దొరకలేదు.

ఆ ఒక్క మాట మార్చి కొత్త అనువాదం పెడితే చాలన్నారు మరిడమ్మ తరఫు వకీలు సుబ్బారాయుడుగారు. “మీ తప్పని మీరే రాసుకుంటే రేపు మీ సంతకాన్ని ఎవరు నమ్ముతారమ్మా?”

“ఊరికే మార్చి పెడితే మరిడమ్మే మార్పించుకుందంటారండీ. తప్పు నాదని ఉంటేనే నూకరాజును నమ్ముతారు,” అంది శేషారత్నం. ఆ రోజే ప్రమాణపత్రం రాసి, పోలమ్మ చూపించింది చూపించినట్టు అందులో పెట్టింది.

కోర్టు కదిలేసరికి మూడు నెలలు పట్టింది. ఈలోగా వర్షాలొచ్చాయి. నూకరాజు పడవ రేవులోనే కట్టేసి ఉంది. శేషారత్నం గదికి కాగితాలు రావడం బాగా తగ్గింది. తీరిక దొరికిన ఆ మధ్యాహ్నాల్లో ఆమె నా అంచుల్లో పెన్సిలుతో రాస్తూ కూర్చునేది. ‘క్లచ్’: భయంతో, ఆత్రంగా. ‘క్లాస్ప్’: ప్రేమగా, చేతుల్లోకి తీసుకుని. ‘క్లింగ్’: వదిలితే తనే పోతానన్నట్టు. ‘సీజ్’: మీదపడి, బలవంతంగా, లేదా అధికారంతో. ‘గ్రాస్ప్’: అందుకుని; విషయం అర్థం చేసుకోవడానికి కూడా. ‘గ్రిప్’: జారిపోకుండా. పంతులుగారు నిద్రపోయిన చోటల్లా ఆమె మేలుకుంది. నాకు మాత్రం ఆ పెన్సిలు ఒళ్లంతా వాతలు పెడుతున్నట్టుండేది.

నూకరాజు బెయిలు మీద వచ్చాడు. వచ్చిన మర్నాడే ఆ గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చిక్కిపోయాడు. శేషారత్నం లేచి నిలబడింది.

“నా తప్పు వల్ల మూడు నెలలు ఎక్కువ ఉన్నావు నూకరాజూ. ఎలా క్షమించమనాలో తెలియడం లేదు.”

అతను ఇబ్బందిగా తలగోక్కున్నాడు. “తప్పు రాశానని మీరే కోర్టుకి రాసిచ్చారంట గదమ్మా. మాయావిడ సెప్పింది.”

“ఔను.”

“అయితే నాది కూడా ఓ కాయితం రాసిపెట్టండమ్మా.” అతను గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. “గట్టిగా అట్టుకున్నాడు, గట్టిగా అట్టుకున్నాడు అని అందరూ అంటన్నారు. లేదమ్మా. సెయ్యి అందలేదు నాకు. సొక్కా దొరికింది, అది సిరిగిపోయింది. గట్టిగా అట్టుకునుంటే ఆడు బతికేవోడు గదా. అది రాయండి. సూరిబాబు పెళ్ళానికి ఇత్తాను.”

శేషారత్నం తెల్లకాగితం తీసి ముందు పెట్టుకుంది. అతనిది కాని తప్పును అతని పేరున రాయడానికి పెన్ను మూత తీయలేకపోయింది.