తలుపు దగ్గరి పక్క

తమ్ముడు మంచి దర్జీ. చేతిలో పనితనం పోలేదు, జ్ఞాపకమే పోయింది. స్కిజోఫ్రెనియా మందులతో చెవిలో గొంతులు చాలావరకు సద్దుమణిగాయి గానీ, కొలతలిచ్చిన మనిషి గుమ్మం దాటేలోపు ఆ కొలతలూ గుమ్మం దాటేసేవి. ఒకరి చొక్కాకి ఇంకొకరి చేతులు కుట్టిన రోజున షాపు యజమాని ఇంటి దగ్గర ఉండమన్నాడు. కాస్త గుర్తుండడం మొదలైతే మళ్ళీ రమ్మన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాడు తమ్ముడు.

అందుకే ఆసుపత్రిలో కొత్త పరిశోధన అనగానే ఎగిరి గంతేశాడు. పడుకునే ముందు కొన్ని మాటల జతలు చదువుకుని, తలకు బ్యాండు కట్టుకోవాలి. నిద్రలో అది చెవిలో సన్నగా చప్పుడు చేస్తుంది. దానివల్ల చదివింది మెదడులో నిలుస్తుందేమో చూస్తారు. పొద్దున ఆ జతలు ఫోనులో అప్పజెప్పాలి. టెక్నీషియను అన్నీ వివరంగానే చెప్పింది. అక్క మాత్రం చప్పుడన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ చెవుల్లోంచి గొంతుల్ని తరమడానికి ఏళ్ళు పట్టింది, ఇప్పుడు వీళ్ళొచ్చి కొత్త చప్పుడు దూరుస్తారట! వాడి సంబరం చూసి వద్దనలేకపోయింది. చిన్నప్పుడు వాడికి పాలు పట్టేముందు వేడి తను చూసినట్టే, బ్యాండుకి ఛార్జింగు లేదని అబద్ధమాడి మొదటి రాత్రి తనే పెట్టుకుంది. రోజూలాగే వీధి తలుపుకి అడ్డంగా పక్క వేసుకుంది. ఏదో గొంతు పిలిచిందని వాడు ఒకసారి ఇల్లు విడిచి నడిచిపోయాడు. అప్పటినుంచి ఆమె పడక అక్కడే.

తెల్లారేదాకా బ్యాండు కిక్కురుమనలేదు. ఇది పాడైందంటూ, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి టెక్నీషియను ముందు పెట్టింది. ఆ అమ్మాయి దాన్ని కంప్యూటరుకు తగిలించి, రాత్రి అది నమోదు చేసిన నిద్ర గీతలన్నీ చూసి పెదవి విరిచింది.

"బ్యాండు బాగానే ఉందండీ. నిద్ర గాఢమైతేనే చప్పుడొస్తుంది. రాత్రంతా పెట్టుకున్నారు గానీ, అలాంటి నిద్ర ఒక్క నిమిషం కూడా లేదు. ఇలాగైతే ఈయన్ని ఇందులో ఉంచడం కష్టం."

తమ్ముడి ముఖం పాలిపోయింది. "నేను పెట్టుకోలేదనుకున్నానే. ఛార్జింగు లేదన్నావు కదక్కా? అదీ మర్చిపోయానా?"

ఊరుకుంటే నమ్మేస్తాడు. తన జ్ఞాపకం మీద వాడికి అంత అపనమ్మకం.

"లేదురా, నీకు బాగానే గుర్తుంది," అంది అక్క. "అది నా నిద్ర."

టెక్నీషియను, ఒక రాత్రి పోతే ఫరవాలేదని, ఇకనుంచి ఎవరి బ్యాండు వాళ్ళే పెట్టుకోవాలని చెప్పి పంపింది. ఇంటికొచ్చాక తమ్ముడు తలుపు దగ్గరి పక్క చుట్టి లోపలి గదిలో వేశాడు.

"రోజూ నిద్రపోతున్నావనే అనుకున్నాను," అన్నాడు. తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "దిండు కింద పెట్టుకో. నేను వెళ్ళాలన్నా నిన్ను లేపాల్సిందే."

ఆ రాత్రి బ్యాండు తనే పెట్టుకుని, పొద్దున ఫోనులో మాటలు అప్పజెప్పాడు. సగమే వచ్చాయి. ఒక్క రాత్రికి అంతకన్నా ఏమొస్తాయిలే అనుకున్నాడు. అంతలో పాలవాడు తలుపు తట్టాడు. తాళంచెవి ఇంకా దిండు కిందే ఉంది. ఎండ మొహం మీద పడుతున్నా అక్క సన్నగా గురక పెడుతూనే ఉంది. తమ్ముడు గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఇవాళ్టికి పాలొద్దు," అన్నాడు గొంతు తగ్గించి. "అక్క నిద్రపోతోంది."