మంగళవారం అమ్మోరు

"ఈయేల మంగలవారం కాదు కదే, లెగిసి పని సూడు" అంది మా అత్త.

బుధవారం అది. చేపల పులుసులోకి చింతపండు పిసుకుతున్నాను. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. వంటగది గోడలు దగ్గరికి జరిగొస్తున్నాయి, ఈ క్షణంలోనే చచ్చిపోతాను, నన్నెవరూ పట్టుకోరు అన్నంత భయం. చింతపండు చెయ్యి అలాగే పెట్టుకుని స్టవ్వు పక్కన కూలబడ్డాను. అత్త గుమ్మంలో నిలబడి నన్ను చూసింది, గిన్నెలోకి చూసింది, ఆ మాట అనేసి, మామ అన్నానికొచ్చే వేళయిందని గుర్తుచేసి వెళ్ళిపోయింది. అదే మంగళవారమైతేనా! ఇదే దడకి, ఇదే వణుకుకి, ఇదే అసిరమ్మత్త నా కాళ్ళకి పసుపు రాసేది. మా ఆయన ధనరాజు చేతులు కట్టుకుని నిలబడేవాడు. వీధి వీధంతా వచ్చి నా ముందు వంగేది. బుధవారం వచ్చిన పాపానికి నా దడకి విలువ లేకుండా పోయింది. నాకు నవ్వొచ్చింది. ఊపిరాడక చస్తూ నవ్వడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. నవ్వి, లేచి, పులుసు పెట్టాను. ఉప్పు ఎక్కువైందని మామ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఈ దడకి అమ్మోరని పేరు రాకముందు మా ఇంట్లో పెట్టిన పేరు గ్యాసు. మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. అత్తవారికి వరి చేలు, మెట్టలో చోడి, ఇంటి వెనక ఆవులు. పెళ్ళయిన కొత్తలో విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. తెల్లారగట్ల లేచి వంట చేసి, ఆవుల పని చూసి, ఆటో పట్టుకుని పరిగెత్తి, ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడి మాటలు పడి, మళ్ళీ సాయంత్రం వచ్చి అంట్లు తోమేదాన్ని. ఒకరోజు బోర్డు మీద రాస్తూ రాస్తూ చాక్‌పీసు జారిపోయింది. నేనూ జారిపోయాను. "ఏంటి ఈశ్వరి మేడం, మీరే ఇలా భయపడిపోతే పిల్లలకి ఏం ధైర్యం చెబుతారు?" అన్నాడు ప్రిన్సిపాలు, ఆ పిల్లల ముందే. ఊళ్ళో మందులిచ్చే ఆయన గ్యాసన్నాడు, నీరసమన్నాడు, సెలైన్ ఎక్కించాడు. అత్త వాము నీళ్ళు కాచి ఇచ్చింది. ధనరాజు మాత్రం, "ఉజ్జోగం మానీసి ఇంటికాడ కూకో. నీకేటి తక్కువ?" అన్నాడు. ఇంటికాడ కూకోడమట! ఆ ఇంట్లో నేను కూర్చున్నదెప్పుడో ఆయనే చెప్పాలి. కుడితి తొట్టి దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి, పొయ్యి దగ్గర నుంచి బట్టల రాయి దగ్గరికి, మధ్యలో పొలానికి క్యారేజీ. జీతం పోయింది, పని పెరిగింది. దడ మాత్రం ఎక్కడికీ పోలేదు. నాకేం తక్కువో నాకూ తెలిసేది కాదు, అందుకే తప్పు నాదే అనుకునేదాన్ని. అందరు ఆడవాళ్ళూ చేసుకుపోతున్నారు కదా, నాకే ఎందుకు చేతకావడం లేదు, నేనే పనికిమాలినదాన్నేమో అని చీపురు పట్టుకున్నా అదే, ముగ్గు వేస్తున్నా అదే. బుర్రలో ఆ రొద ఆగేది కాదు.

ఆ ఏడు ఊళ్ళో అమ్మోరి పండగ. ఇంటికో ఘటం ఎత్తాలి, ఎత్తేది ఆ ఇంటి ఆడది. పసుపు రాసి వేపమండలు కట్టిన మా ఇంటి కుండని నా నెత్తిన పెట్టారు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, ముట్టకూడదు. ముందు ఘటాలు, వెనక ఘటాలు, రెండు పక్కలా జనం, చెవి దగ్గరే డప్పులు, ముక్కులోకి సాంబ్రాణి పొగ. నాకు తెలిసిపోయింది దడ వచ్చేస్తోందని. పారిపోదామంటే సందు లేదు, నెత్తిన కుండ. "తప్పుకోండి! నన్నొదిలీండి! నాకు గాలాడాల!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే ఆ డప్పులు ఆగిపోయాయి. కుండ ఎవరో అందుకున్నారు. జడ ఊడిపోయింది, ఒళ్ళంతా ఊగిపోతోంది, నోటమ్మట మాట లేదు, వట్టి రొప్పు.

"అమ్మోరొచ్చీసింది! ఈశ్వరి ఒంటి మీదికి అమ్మోరొచ్చీసింది!" అని ఎవరో కేక పెట్టారు.

అంతే. జనం బోర్లా పడిపోయారు. నేను చూస్తున్నది కలా నిజమా అని నాకే అనుమానం. ధనరాజు, నా మొగుడు, ఒసే అని తప్ప పేరు పెట్టి పిలవని మనిషి, నా పాదాల మీద తల పెట్టాడు. "తప్పయిపోనాది తల్లీ" అన్నాడు. ఏం తప్పో చెప్పలేదు. అత్త కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "ఏటి కావాల తల్లీ? సెప్పు, ఏటి కావాల?" అని దండం పెట్టింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన తరవాత నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఏం అడగాలో తోచలేదు. నీళ్ళు అన్నాను. తాగడానికి అడిగితే బిందెలతో పసుపు నీళ్ళు నెత్తిన గుమ్మరించారు. చల్లగా తగిలి దడ తగ్గింది. అమ్మోరు శాంతించిందన్నారు.

కాదని ఎందుకు చెప్పలేదంటారా? నాకు బాగుంది, అందుకు చెప్పలేదు. ఆ మర్నాడు అత్త నాకంటే ముందు లేచి పాలు పితికింది. మామ నన్ను చూసి మంచం మీద కాళ్ళు ముడుచుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి మంగళవారం నన్ను వరండాలో పీట మీద కూర్చోబెట్టి, ముఖానికి పసుపు, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, చేతిలో వేపమండ. ఆ రోజు నేను పొయ్యి ముట్టుకోకూడదు, అంట్లు ముట్టుకోకూడదు. నాకు అంతకంటే పండగేముంది! కానీ పీట ఎక్కగానే అమ్మోరు రావాలి కదా, జనం కూర్చుని ఉంటారు. రాకపోతే ఎలా అని భయం. ఆ భయంలోనే కనిపెట్టాను, గబగబా ఊపిరి పీల్చి వదిలితే కాసేపటికి దానంతటదే వస్తుందని. ఏ దడ రాకూడదని వారమంతా దండాలు పెట్టుకునేదాన్నో, ఆ దడనే మంగళవారం నా చేతులారా పిలుచుకునేదాన్ని. పిలిచి పిలిచి దానికి అలవాటైపోయింది. బుధవారం కూడా రావడం మొదలెట్టింది, గురువారం కూడా. నిద్ర పోయింది, ఆకలి పోయింది, అద్దంలో నా ముఖం నాకే కొత్తగా ఉండేది. అమ్మోరు పూనిన మనిషి అలాగే ఉంటాదని ఇరుగుపొరుగు మెచ్చుకునేవారు.

పులుసులో ఉప్పెక్కువైన ఆ బుధవారం మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తుంటే ఫోన్లో వెతికాను. గుండె దడ, చచ్చిపోతానని భయం అని కొట్టాను. ఒక డాక్టరమ్మ వీడియో వచ్చింది. మా అక్క వయసుంటుంది, నింపాదిగా చెబుతోంది. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు, ఆందోళన వల్ల వచ్చే జబ్బు, మందుంది, మాట్లాడితే తగ్గుతుంది, ఇందులో మీ తప్పు లేదు అంది. మీ తప్పు లేదు అన్న దగ్గర ఏడుపొచ్చేసింది. నోట్లో చీర కొంగు కుక్కుకుని ఏడ్చాను. సాయంత్రం ధనరాజుతో, "ఇది జబ్బంటండి. విజయనగరం పెద్దాసుపత్రిలో సూపించుకుంటాను" అన్నాను. "మతి గాని పోయిందేటే? ఊల్లో నా పేరు సెప్పుకుంటన్నారిప్పుడు, అమ్మోరి ఇంటోడని. పిచ్చాసుపత్రికి తీసుకెల్తే నన్నేటంటారు?" అన్నాడు. నన్నేమంటారో కాదు, ఆయన్నేమంటారో!

సోమవారం చేటలో బియ్యం చెరుగుతూ అత్త నా పక్కకి జరిగి కూర్చుంది. "రేపు జగ్గమ్మ దాని కూతుర్ని తెస్తాది. నీలవేణి లేదూ, మొన్న పెల్లయింది, ఆ గుంటే. అత్తోరింటి నుంచి వచ్చీసి తిరిగి పోనంటందంట. పొమ్మని సెప్పు. నీ నోటితో సెప్తే ఇంటాది" అంది. నాకు అమ్మోరు వచ్చినప్పుడు మాట్లాడేది నేను కాదు కదత్తా అన్నాను. అత్త చెరగడం ఆపి నా వైపు చూసింది. "అమ్మోరు మాత్రం కాపురం సెడగొట్టమంటాదేటి? మంచి మాటే కదా" అంది. ఓహో అనుకున్నాను. పీట మీద కూర్చున్నా ఏం మాట్లాడాలో కింద కూర్చున్న వాళ్ళే చెబుతారన్న మాట. అత్తని తిట్టలేను, ఆమెకి నిజంగానే భక్తి. ఆ భక్తికి కూడా నా మీద అజమాయిషీ కావాలి.

మంగళవారం వరండా నిండిపోయింది. నేను పీట మీద ఉన్నాను. జగ్గమ్మ కూతుర్ని భుజం పట్టి ముందుకు తోసింది. "తల్లీ, నీ బిడ్డమ్మా. పెల్లయ్యి ఏడాది తిరగనేదు. అత్తోరింటికి పొమ్మంటే వొనికిపోతాది. తిండి తినదు, గుండెలు పట్టుకుని కూకుండిపోతాది. గాలి సోకిందంటన్నారు అత్తోరు. నువ్వే బుద్ధి సెప్పాల" అంది. నీలవేణి తలెత్తలేదు. పందొమ్మిది, ఇరవై ఉంటాయేమో. రెండు చేతుల వేళ్ళనీ ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. తిమ్మిరెక్కితే నేనూ అలాగే రుద్దుకుంటాను. మెడ దగ్గర నరం టకటకా కొట్టుకోవడం నాకు పీట మీది నుంచే కనిపిస్తోంది. ఓలమ్మా, ఈ పిల్లకీ ఇదే! అనిపించి నా ఒళ్ళు జల్లుమంది.

ఊపిరి గబగబా పీల్చడం మొదలెట్టాను, అలవాటు కొద్దీ. ఆలోచన మాత్రం ఆగలేదు. అమ్మోరిలా అరిచి చెప్పేద్దామా? ఈ బిడ్డని ఎక్కడికీ పంపకండి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అని ఒక్క కేక వేస్తే చాలు, జగ్గమ్మ ఈ పూటే ఆటో ఎక్కిస్తుంది. మాట నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు నీలవేణి తలెత్తి చూసింది. దేవతని చూసే చూపు అది, భయంతో నోరు తెరుచుకుని. ఈ పిల్ల ఏం నేర్చుకుని వెళ్తుంది ఇక్కడి నుంచి? ఆడదాని వణుకుని ఎవరూ పట్టించుకోరు, దేవత పూనితేనే పట్టించుకుంటారని నేర్చుకుంటుంది. రేపు దీన్నీ ఎవరో పీట ఎక్కిస్తారు. ఎక్కి కూర్చుంటుంది, నాలాగే, బాగుందనుకుంటూ. గబగబా పీలుస్తున్న ఊపిరిని ఆపేశాను. వేపమండ పక్కన పెట్టి, కొంగుతో నుదుటి మీది కుంకుమ తుడుచుకుని, పీట దిగి ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అమ్మోరు రానేదు" అన్నాను. "నాకెప్పుడూ రానేదు."

"ఓలమ్మో! నోర్ముయ్యే, నలుగురున్నారు!" అత్త లెంపలు వాయించుకుంది.

ధనరాజు గుంపుని తోసుకుని వచ్చాడు. "ఇన్నాల్లూ మరేటే? నాటకవా?"

"నాటకం కాదు. నిజంగానే వొనికాను. పండగనాడూ వొనికాను, మొన్న వంటింట్లోనూ వొనికాను. అది అమ్మోరు కాదు, భయం. నాకు జబ్బు చేసింది."

"దేనికే భయం? నీకేటి తక్కువ?"

"ఏటి తక్కువో నన్నడక్కండి. నాకు ఊపిరాడ్డం లేదు, అదే సెప్తన్నాను. రేపు పెద్దాసుపత్రికి పోతన్నాను. వస్తే రండి, రాకపోతే నేనే పోతాను" అన్నాను. గొంతు వణికింది. వణికితే వణకనీ అనుకున్నాను, అది నా గొంతే.

వరండా ఖాళీ అవడం మొదలైంది. అపచారమని ఒకరు, ముందే అనుకున్నామని ఒకరు. ఒకావిడ తెచ్చిన కొబ్బరికాయ తిరిగి సంచిలో వేసుకుని పోయింది. మామ ఎప్పుడు లేచాడో వీధిలోకి పోయి నిలబడ్డాడు. అత్త స్తంభానికి ఆనుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు చూస్తే నాకు భయం వేసింది. రేపటి నుంచి ఈ ఇంట్లో నా గతేమిటో నాకు తెలీదు. మళ్ళీ ఒసే అంటారు, గ్యాసంటారు, ఇంతకు ముందు కంటే ఎక్కువే అంటారు. గుండె దడదడలాడుతూనే ఉంది. అయినా లేచి పారిపోవాలనిపించలేదు.

జగ్గమ్మ కూతురి రెక్క పట్టి లాగింది, పదవే పోదాం అని. నీలవేణి కదలలేదు. నా ముఖంలోకి పట్టి పట్టి చూస్తోంది. పసుపు చెమటకి కరిగి నా మెడ మీదికి కారుతోంది.

"నువ్వు అమ్మోరివి కాకపోతే, మరి నేనెవులికి సెప్పుకోను వదినా?" అంది.

"నాకు సెప్పు" అన్నాను. "తరవాత నేనూ నీకు సెప్తాను."