కుప్పుస్వామి పేరురాయి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ ఒకేసారి నెత్తికెత్తుకున్న పాపానికి స్వర్ణకు ఆ వేసవంతా కంటిమీద కునుకు లేదు. పుంగనూరులో కుప్పుస్వామి కట్టిస్తున్న కల్యాణ మండపానికి ఆమే ఇంజనీరు. అందులో జరగబోయే తొలి పెళ్లి ఆమె తమ్ముడు చరణ్‌ది. "ముహూర్తానికి మండపం తయారుగా ఉంటుంది పో" అన్న కుప్పుస్వామి మాట నమ్మి, మదనపల్లెలో ఉన్న స్వర్ణ వాళ్లమ్మ శుభలేఖలు అచ్చు వేయించి ఊరంతా పంచేసింది. మండపం పూర్తి కాలేదంటే పెళ్లివారిని నడిరోడ్డు మీద కూర్చోబెట్టాల్సిందే.

కుప్పుస్వామి టమోటా మండీలో గడించినవాడు. బెంగళూరులో ఏదో క్లాసుకు పోయి రెండు మాటలు పట్టుకొచ్చాడు. ఒకటి క్రాషింగు, అంటే అదనపు ఖర్చు పెట్టి గడువు తగ్గించడం; రెండోది ఫాస్ట్ ట్రాకు, అంటే ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనుల్ని ఒకేసారి నడపడం. వాటి అర్థాన్ని మాత్రం అక్కడే, తిన్న విస్తరితోపాటు పారేసి వచ్చాడు.

"క్రాష్ సేయమ్మా, క్రాష్! మనుషుల్ని దించితే పని అదే పరిగెత్తుతాది" అన్నాడు.

స్వర్ణ ఓపిగ్గా చెప్పింది. "ఏ పని మనల్ని ఆపతాండాదో సూసి, ఆడ ఖర్చు పెట్టల్ల సార్. మనకు అడ్డం వంటగది. కుప్పం నుంచి రాతిపలకలు వచ్చి పొయ్యిల గట్టు పడితేగానీ గ్యాసు పైపులు, కుళాయిలు బిగించలేం. ఆ ఫ్యాక్టరీలో కోతమిషను ఒకటే ఉండాది. వాళ్లకు కొంచెం ఎక్కువిచ్చి రెండో షిఫ్టు నడపమనండి. రంగులోళ్లు చివర్లో వచ్చినా సరిపోతుంది."

"రాళ్లకు ఎక్కువిచ్చేదా? వంటిల్లు ఎవురు సూస్తారు పాపా? జనాలు సూసేది ముందర తట్టు!" అని ఆ మహానుభావుడు నవ్వాడు.

మర్నాడే లారీ నిండా రంగులవాళ్లు దిగారు. గోడల సిమెంటు పూత ఇంకా ఆరలేదు మొర్రో అని స్వర్ణ మొత్తుకుంటున్నా వినకుండా రంగు కొట్టించాడు. వారం తిరక్కుండా అది అప్పడాల్లా పొక్కి ఊడిపోయింది. గీకి మళ్లీ కొట్టించాడు. రెండు కూలీలు, రెండు రంగులు! ఆ తర్వాత పని లేక వాళ్లంతా చెట్టు నీడన చేరి పేకాడుకుంటూ కూలి తీసుకున్నారు. దాని పేరు తొందరట. ముందువైపు మెరుగులు, వెనక వంటగదిలో ఇసక గుట్టలు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కాబోలు.

రాళ్లు మాత్రం రాలేదు. ఫోను చేస్తే "రేపమ్మా" అంటారు. పెళ్లి వచ్చే వారంలోకి వచ్చేసింది. స్వర్ణ పొద్దున్నే బస్సెక్కి కుప్పం పోయింది.

ఫ్యాక్టరీ యజమాని వినోద్ తడుముకోకుండా చెప్పేశాడు. "మీ పలకలు వరసలో ముందే ఉండినాయి మేడమ్. మీ సారే ఫోన్ చేసి, వంటింటి రాళ్లు పక్కన పెట్టు, నా పేరురాళ్లు మూడూ ముందు కొయ్యి అన్నాడు. వాటిని కోసి, పాలిషు పట్టి, అక్షరాలు సెక్కేసరికి మీ వంతు అయిపాయ. మీ పలకలు ఇంగ పెళ్లయినాకే."

షెడ్డు మూల చాపలు తీసి చూపించాడు. మండపం ద్వారం మీద పెట్టడానికి నిలువెత్తు పలకలు మూడు. ఒకదాని మీద కుప్పుస్వామి తాత పేరు, ఒకదాని మీద తండ్రి పేరు, మూడోదాని మీద తన పేరు. తన అక్షరాలు మాత్రం మిగతా ఇద్దరికంటే పెద్దవి.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! స్వర్ణకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్లమ్మ ముఖం గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది. కళ్లు తుడుచుకుని, సంచీలోంచి టేపు తీసి పలకల వెడల్పు కొలిచింది. ఇంకోసారి కొలిచింది.

"వినోదన్నా, ఇవి ఇప్పుడే లారీకెక్కించు" అంది.

పుంగనూరు చేరాక మేస్త్రీ మునెప్ప పలకల్ని చూసి నోరెళ్లబెట్టాడు. "అక్షరాలు పైకా కిందికా అమ్మా?"

"పైకి పెడితే సందుల్లో పులుసు ఇరుక్కుంటాది మునెప్పా. కిందికి పెట్టు."

గట్టు పడింది. పైపులు, కుళాయిలు బిగిశాయి. ద్వారం మీద స్వర్ణ పట్టుతెర కట్టించింది. కుప్పుస్వామి వచ్చి పైకి చూస్తే, "తెర తీసేదాకా సూడకూడదు సార్, పెళ్లినాడే" అంది. ఆయన మురిసిపోయాడు. వంటగది వైపు మాత్రం తొంగి చూడలేదు. ఎప్పుడు చూశాడు గనక!

పెళ్లినాడు మెడలో దండ వేసుకుని, రెండు వైపుల చుట్టాల ముందు నిలబడి తాడు లాగాడు. తెర జారింది. వెనక బోడి సిమెంటు! ఏమీ అర్థం కాని జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు.

కుప్పుస్వామి వంటగదిలోకి దూసుకొచ్చాడు. "మే స్వర్ణా! మా తాత యాడ? మా నాయన యాడ? నేను యాడ?"

"ముగ్గురూ ఈడే ఉండారు సార్, గట్టు కింద. మీ తాత మీద పప్పు, మీ నాయన మీద పులుసు, మీ మీద పాయసం ఉడుకుతాండాది. ఫాస్ట్ ట్రాకు సార్."

వంటమనిషి వెంకటరత్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. కుప్పుస్వామి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురు తండ్రి లోపలికి వచ్చి, గట్టు మీద అరచేయి రాసి చూసుకున్నాడు.

"ఏమి రాయప్పా ఇది, అద్దం మాదిరి ఉండాది! వంటగదికి ఇట్లాంటి రాయి యేసినోణ్ని నేను యాడా సూడలేదు. యాడిది?"

కుప్పుస్వామి స్వర్ణను చూశాడు, రాయిని చూశాడు.

"మా వంశానిదే లేప్పా" అన్నాడు.

బయట గట్టిమేళం మోగింది. స్వర్ణ గుప్పెడు అక్షింతలు తీసుకుని తమ్ముడి దగ్గరికి పరుగెత్తింది.