లాంతరమ్మకు పడ్డ తిట్లు

లాంతరమ్మను మార్చింది తన కోడలేనని అత్తగారికి తెలుసు. తెలిసే పొగిడింది, తెలిసే తిట్టింది. పొగిడింది ఇంట్లో, తిట్టింది ఫోన్లో.

కోడలు పనిచేసేది వీడియో గేములు తయారుచేసే కంపెనీలో. అత్తగారు ఇంట్లోనే కర్టెన్లకు అంచులు కుట్టి ఇస్తుంది. మిషను ఆపి నడుము వాల్చినప్పుడల్లా కోడలి కంపెనీ గేమే ఆడుతుంది. అందులో లాంతరమ్మ అనే పాత్ర అంటే ఆవిడకు ప్రాణం. యుద్ధం మధ్యలో లాంతరు కింద పెట్టి నిలబడితే చాలు, ఆ వెలుగులోకి వచ్చిన తనవాళ్ళ గాయాలు మానిపోతాయి. కుట్టి కుట్టి బిగుసుకుపోయిన బొటనవేళ్ళకు అంతకన్నా హాయి ఏముంటుంది?

కొత్త లాంతరమ్మ లాంతరు కింద పెట్టదు. గాయపడినవాడి మీదికి గురిచూసి విసరాలి. గురి తప్పితే లాంతరు ఆరిపోతుంది. కోడలు సొంతంగా చేసిన మొదటి మార్పు అది. ఆ మార్పు బయటికొచ్చిన రోజు సాయంత్రం ఇంటికి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, ఎలా ఉందని అడిగింది. అప్పటికి అత్తగారు విసిరిన లాంతర్లన్నీ గోడలకే తగిలాయి. అయినా ఆ మొహం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"చాలా బాగుందమ్మా. ఇప్పుడు చలాకీగా ఉంది" అంది.

కోడలు స్నానానికి వెళ్ళగానే, ఆటగాళ్ళు అభిప్రాయాలు రాసేచోట, 'మొద్దు బొటనవేలు' అనే మారుపేరుతో కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఈ మార్పు చేసిన మహాతల్లి ఎప్పుడైనా ముసలి చేతుల్ని చూసిందా అని నిలదీసింది. రాశాక ఒళ్ళు తేలికపడింది.

వారం తిరక్కుండానే ఆ తిట్టు ఆటగాళ్ళందరి నోటా పడింది. ఒకరోజు కోడలు ఆఫీసు నుంచి వచ్చి, కుట్టుమిషను పక్కన కర్టెన్ల గుట్ట మీదే కూలబడింది. మీటింగులో ఆ మాటల్ని గోడంత తెర మీద వేసి చదివారట. అందరూ నవ్వారట. లాంతరమ్మను ఇంకొకరికి అప్పగిస్తానని ఆఫీసు పెద్దాయన అన్నాడట. అప్పుడు తను ఊరుకోలేక, మా అత్తయ్యదీ ఆ వయసే, రోజూ ఆడతారు, ఆవిడకు నచ్చింది అని వాదించిందట. అయితే రేపు ఆవిడ నోటితోనే విందాం అన్నాడట పెద్దాయన.

"నాతో అన్న మాటే వీడియో కాల్లో చెప్పండత్తయ్యా. అంతకంటే ఏమీ వద్దు."

అత్తగారు సరేనంది. ఆ ఒక్క మాటకే కోడలి మొహం విచ్చుకుంది. లేచి, నేలమీద పడిన గుండుసూదులు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తూ, "అయినా మహాతల్లి అని రాశారే, మార్చింది ఆడదని ఆ రాసినవాళ్ళకెలా తెలిసిందో" అని నవ్వింది.

అత్తగారు మిషను ఆపింది.

"ఆ మొద్దు బొటనవేలు నాదేనమ్మా."

వేళాకోళమనుకుని కోడలు ఇంకా నవ్వుతూనే తలెత్తింది. తర్వాత నవ్వలేదు.

"ముసలి చేతుల్ని చూసిందా అని రాశారు" అంది. "రోజూ నేను చూసేది మీ చేతుల్నే కదత్తయ్యా."

"నీ మొహం మీద చెబితే నొచ్చుకుంటావని..."

"నలుగురిలో నవ్వులపాలైతే నొచ్చుకోననుకున్నారా?"

  రేపు ఆ పొగడ్తా, ఆ తిట్టూ రెండూ నావేనని పెద్దాయనకు నేనే చెబుతాను అంది అత్తగారు.  కోడలు డబ్బా మూత పెట్టి, బల్ల మీది ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఆడి చూపించండి."

అత్తగారు లాంతరు విసిరింది. గోడకు తగిలి ఆరిపోయింది. కోడలు తెర వంక చూడటం లేదు, ఆవిడ బొటనవేళ్ళనే చూస్తోంది.

"ఇంకోసారి" అంది.

ఈ కొత్త లాంతరు తగలాలని అత్తగారు మొదటిసారి మనసారా కోరుకుంది. ఊపిరి బిగబట్టి విసిరింది. తగల్లేదు.